ఒళ్లో గీజర్ డబ్బా
తిరుపతిలో కొన్న గ్యాస్ గీజర్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, పలమనేరు బస్సులో పుస్తకం చదువుకుంటున్నాను. పక్క సీటు పెద్దాయన డబ్బా చూసి, "మీ బాత్‌రూమ్‌కి కిటికీ ఉండాదా పాపా?" అన్నాడు. నేను పేజీ తిప్పాను.

"నీళ్లు పోసుకునేటప్పుడు లోపల గడియ పెట్టుకుంటావా?"

లేచి కండక్టర్ పక్క సీటుకు మారాను.

చిత్తూరులో దిగబోతూ ఆయన నా దగ్గర ఆగాడు. "ఆ పుస్తకం తర్వాత సదువుదువు. ముందు డబ్బా మీద రాసింది సదువు. దీన్ని బయట గోడకే పెట్టాల. లోపల మండితే వచ్చే గాలికి వాసనుండదు, మనిషిని సంపేస్తాది. మా పాప గడియ పెట్టుకునింది. తలుపు పగలగొట్టేలోపే పాణం పోయింది."

ఇంట్లో చూస్తే, చలికని నాయన బాత్‌రూమ్ కిటికీలో కుక్కిన గోనెసంచి అలాగే ఉంది. లాగేశాను.

గీజర్‌ను బయట గోడకే పెట్టించాం. అయినా ఆ రోజు ఆయన్ని చూసినంత అనుమానంగా ఇప్పటికీ దాన్ని చూస్తాను.