సాన్ మ్యా కథతో నందిగామ దాకా

ఆసియా దేశాల కథలను తెలుగు చేసినవారికి నందిగామలో ఒక సాహితీ సంస్థ బహుమతి పెట్టిందని పేపర్లో చూసి ఒక బర్మా కథ పంపాను. దానికే మొదటి బహుమతి వచ్చింది. వస్తుందని నాకు ముందే తెలుసు, కథ అలాంటిది. రాసింది రంగూన్‌లో మా పక్కింటి సాన్ మ్యా. నేను పెళ్ళయి జగ్గయ్యపేట వచ్చేదాకా ఇద్దరం ఒకే గుమ్మంలో కూర్చుని పుస్తకాలు చదువుకున్నవాళ్ళం. కొన్నేళ్ళుగా ఆమె దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నాకు శాలువా మీద పెద్ద ఆశ లేదు గానీ, ఆమె కథా, ఆమె పేరూ నిండు సభలో వినిపించాలన్న పట్టుదల మాత్రం ఉంది.

మధ్యాహ్నం రెండు గంటల బస్సెక్కాను. మీరు వెళ్ళేట్టయితే కాస్త ముందే వెళ్ళండి. మిరపకాయల బస్తాలు ఎక్కాక మనుషులకు చోటుండదు. చిల్లర దగ్గరుంచుకుంటే కండక్టరు విసుక్కోడు. చిల్లకల్లు దగ్గర హైదరాబాదు రోడ్డు మీదికి రాగానే బస్సు హుషారందుకుంది. పక్కన కూర్చున్న పెద్దావిడ పలకరించింది.

"ఏం పని మీదమ్మా?"

"సన్మానం ఉందండి."

"ఎవరికి?"

"నాకే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మరి ఒక్కదానివే వెళ్తున్నావేం? మీ ఆయనేడీ?"

"ఇంటి దగ్గర వంట అప్పజెప్పి వస్తున్నా."

నందిగామ వచ్చేదాకా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

బస్టాండు ఎదురు హోటల్లో పెసరట్టు తిని, కాఫీ తాగి సభ జరిగే గ్రంథాలయానికి నడిచాను. పెసరట్టు బాగుంది, కాఫీ సంగతి అడక్కండి. సంస్థ కార్యదర్శి ఎదురొచ్చి సన్మానపత్రం చూపించాడు. అందులో నా పేరు, మా ఊరు, నా సుగుణాలు, నాకే తెలియని నా వినయం, అన్నీ ఉన్నాయి. సాన్ మ్యా పేరు లేదు. ఒళ్ళు మండింది.

"కథ ఎప్పుడు చదవమంటారు?" అని అడిగాను.

"చదవడమా? ముందు అధ్యక్షులు మాట్లాడతారండి, తర్వాత ముఖ్య అతిథి, తర్వాత శాలువా. చివర్లో మీరు రెండు ముక్కలు చెబుదురుగాని."

"చివరికి జనం ఎక్కడుంటారండీ? బెంచీలుంటాయి. కథ ముందు చదువుతా, పొగడ్తలు తర్వాత కానివ్వండి."

ఆయన జవాబు కోసం నేను ఆగలేదు. అప్పటికే జనంతో నిండిన బెంచీల మధ్య నుంచి తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళి, "ఈ కథ రాసినామె సాన్ మ్యా. బర్మా దేశస్థురాలు. నేను తెలుగులో చెప్పానంతే," అని మొదలుపెట్టాను.

పడవ నడిపే ముసలామె కథ అది. ఏటి మీద వంతెన కట్టాక ఆమె పడవ ఎక్కేవాళ్ళు లేరు. అయినా రోజూ ఖాళీ పడవను అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళి తెస్తుంది. ఊరంతా నవ్వుతుంది. వరదకు వంతెన కొట్టుకుపోయిన రోజున నవ్వినవాళ్ళందరూ ఒడ్డున నిలబడి ఆమెను కేకేస్తారు. ఆమె ఒక్క మాటా అనకుండా అందర్నీ దాటిస్తుంది.

చదువుతున్నంతసేపూ ఒక్కరూ లేవలేదు. అధ్యక్షుడు తన ఉపన్యాసం కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఇంక నేను చెప్పేదేముందమ్మా," అని కూర్చున్నాడు. తెలుగు సభల్లో ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

శాలువా కప్పించుకుని, పొద్దు గూకకముందే తిరుగు బస్సెక్కాను. మొత్తం మీద నందిగామ మంచి ఊరు. చెప్పనిస్తే వింటుంది. సభలో వెనక బెంచీ మీద కూర్చున్న రైతు ఒకాయన ఆ బస్సులోనే కనిపించాడు.

"మున్నేరు పొంగితే మాదీ ఇదే తంతమ్మా," అన్నాడు. మళ్ళీ తనే, "సాన్ మ్యా గారు ఇంకేమన్నా రాశారా?" అని అడిగాడు.

మా వైపు బస్సులో ఆమె పేరు పక్కన 'గారు' అని వినేసరికి నాకు ఏడుపొచ్చింది. ఉత్తరాలు రావడం లేదని చెప్పబుద్ధి కాలేదు.

"రాసే ఉంటుందండి," అన్నాను.

"అయితే అవీ మా చెవిన వెయ్యండి," అంటూ ఆయన చిల్లకల్లులో దిగిపోయాడు.