మూడో ప్రకటనకు ముందు రోజు

మా కతోలిక్కుల్లో పెళ్ళి కుదిరితే దాన్ని మూడు ఆదివారాలు గుడిలో చదువుతారు. ఫలానా విచారణ అమ్మాయికీ ఫలానా విచారణ అబ్బాయికీ పెళ్ళి తలపెట్టారు, దీనికి అడ్డు ఏదైనా ఎరిగినవాళ్ళుంటే వచ్చి ఫాదర్‌కు చెప్పండి, అని. విచారణ అంటే ఒక ఫాదర్ చూసుకునే గుడి, దాని చుట్టుపక్కల ఊళ్ళు. మొదటి ప్రకటన నాడు నేను పాటలవాళ్ళలో నిలబడి ఉన్నాను. నా పేరు చదివితే ఎవరో వేరే పిల్ల పేరు విన్నట్టు విని, పాపం అనుకున్నాను. రెండో ఆదివారం ఆడవాళ్ళ వైపు బెంచీల్లో అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. అప్పుడు ఎక్కింది నాకు. ఆ వారమంతా అన్నం సయించలేదు.

తప్పు ఎవరిదీ కాదు, అదే నా ఖర్మ. రాయికల్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "కోరుట్లల మంచి సంబంధం ఉన్నదక్కా, మోటార్లు రివైండింగ్ చేసే షాపు, పెండ్లాం పోయింది, పిల్లలు లేరు, మనోళ్ళే" అన్నాడు. నేనప్పుడు లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. ఏళ్ళ తరబడి వద్దు వద్దని చెప్పి నోరు అరిగిపోయింది. ఆ పూటకు వదిలేస్తాడని సరే అన్నాను. వదిలేయలేదు సరికదా, వారం తిరక్కుండా మా విచారణ ఫాదర్‌కూ కోరుట్ల ఫాదర్‌కూ చెప్పి, రెండు గుళ్ళలోనూ ప్రకటనలు పెట్టించి వచ్చాడు.

నేను జగిత్యాలలో టీచర్ని. రెండో అంతస్తులో ఒక గది, ముందర కొంచెం డాబా. పొద్దున నా కోసం నేను గుప్పెడు బియ్యం పోసుకుంటాను, సాయంత్రం డాబా మీద కుర్చీ వేసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా చాయ్ తాగుతాను. నాకది ఇష్టం. ఇంకెవరో మనసులో ఉన్నారంటే జనం నమ్ముతారు, రోగం ఉందంటే నమ్ముతారు. ఒక్కదాన్నే ఉండటం ఇష్టమంటే మాత్రం "పిచ్చిదానా" అంటారు. ఆ కోరుట్ల ఆయన చెడ్డవాడైనా బాగుండేది. ఫోన్ చేసిన రెండుసార్లూ "తిన్నవా?" అని అడిగి, "మంచిది" అని పెట్టేశాడు. అలాంటి మనిషి మీద ఏం వంక పెట్టను?

ఇంతలో నా నర్సు దోస్తు ఒక యాత్ర పెట్టింది. మా తమ్ముడి చెవిన ఈ సంబంధం వేసిన పుణ్యాత్మురాలు కూడా ఆమే. తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాసాల రోజుల్లో, ఏడు గుళ్ళు తిరగడం మంచిదని ఎక్కడో విన్నది. మా వైపు ఏడెక్కడున్నాయి? "మూడింటినే ఏడనుకుందాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. సిలువ మార్గం పద్నాలుగు మజిలీలు మూడు గుళ్ళకు పంచుదాం. పెండ్లికి ముందు నీతోని ఆఖరు తిరుగుడు" అంది. మజిలీలంటే యేసు సిలువ మోసిన దారి, గుడి గోడల మీద పటాలుగా ఉంటుంది. ఒక్కో పటం ముందు ఆగి మోకరించి జపం చెప్పుకోవాలి.

కారు మా మూడో దోస్తుది. ఆమె ముస్లిం, ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపు ఉంది, సిస్టర్ల బడిలో ముగ్గురం ఒకే బెంచీ. ఆ ఏడు మా తపస్సు కాలమూ వాళ్ళ రంజానూ కలిసి వచ్చాయి. "మీరు ఉపవాసం, నేను రోజా. దారిల టిఫిన్ ఖర్చు లేదు, పాండ్రి" అని బయలుదేరదీసింది.

నాకు లోపల ఒకటే ఆశ. కారులో ముగ్గురమే ఉంటాం, చెప్పేస్తాను, వీళ్ళిద్దరూ ఏదో దారి చూపిస్తారు. మరునాడే మూడో ప్రకటన.

జగిత్యాల గుడిలో మొదటి ఐదు మజిలీలూ అయ్యాయి. మా ఫాదర్ వరండాలో ఎదురుపడి, "రేపు ఆఖరుదమ్మా, ఇగ తప్పించుకునేది లేదు" అని నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు మీద నాకే అసహ్యం వేసింది.

కారెక్కగానే నోరు తెరిచాను. "నేనొకటి చెప్పాలె..."

"ఆగాగు" అంది నర్సు, సంచిలోంచి జపమాల తీస్తూ. "సిలువ మార్గం నడుమ తెగొద్దు. పద్నాలుగోది అయ్యేదాక ఇంటి ముచ్చట్లు బంద్. కార్ల జపమాలనే." ఈ నియమం ఏ ఫాదరూ చెప్పలేదు, ఆమె సొంతం. ఒకటే గుడిలో అరగంటలో అయిపోయేదాన్ని మూడు ఊళ్ళకు సాగదీసినందుకు, తెగిపోతుందని భయం ఆమెకు. మొదలుపెట్టింది. మేడిపల్లి దాటినా ఆగలేదు. ఒక మంగళవార్త జపం అయిందో లేదో ఇంకోటి ఎత్తుకుంటుంది. నా మాట గొంతు దాకా వచ్చి, ఆమేన్ అయి బయటికి వస్తోంది.

స్టీరింగ్ పట్టుకున్న దోస్తు అద్దంలోంచి నన్ను చూసి, "ఏమైందే? మొహం గట్ల పెట్టినవ్?" అంది.

"ష్" అంది నర్సు.

కోరుట్లలో గోరుచుట్టు మీద రోకటి పోటు పడింది. గుడి గేటు దగ్గర ఒక పెద్దావిడ చేతిలో గంప పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని నిలబడి ఉంది. నన్ను చేసుకోబోయే ఆయన తల్లి. మా నర్సు ముందే ఫోన్ చేసి చెప్పిందట. ఆవిడ పుట్టిల్లు సిరిసిల్ల, తమ్ముడిని చూసినట్టూ ఉంటుంది, నాతో గడిపినట్టూ ఉంటుంది అని.

"అచ్చినవా బిడ్డా?" అని నా రెండు చేతులూ పట్టుకుంది. బీడీలు చుట్టిన చేతులు, వేళ్ళ కొసలు గట్టిగా ఉన్నాయి. మా అమ్మ చేతులూ అలాగే ఉండేవి. అందుకే నాకు మరీ ఏడుపొచ్చింది. నర్సు నా వీపు మీద పొడిచి, "అత్తమ్మా అనే" అంది. నా నోటికి రాలేదు. ఏమీ పిలవకుండా ఊరికే తలూపాను.

కోరుట్ల గుడిలో ఇంకో ఐదు మజిలీలు. ప్రతి పటం ముందు ఆవిడ మోకాళ్ళు పట్టుకుని కష్టంగా దిగేది, లేవడానికి నా భుజం ఆనుకునేది. గుడికి వచ్చిన వాళ్ళందరికీ, "మా కోడలు, లెక్కల టీచరు" అని చూపించింది. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ ఎవరికీ కోపం లేదు. అందరికీ ప్రేమే. అందుకే ఊపిరాడలేదు.

మళ్ళీ కారు. ముందు సీట్లో నర్సు, వెనక నేనూ ఆవిడా, మా మధ్య గంప. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, అన్నీ జపమాలలోనే పోయాయి. వేములవాడ దగ్గర రాజన్న గుడికి వచ్చే బండ్లతో దారి నిండిపోయి కారు ఆగింది. ఎండ. అద్దం దింపబోతే ఆవిడ నా తల మీద తన కొంగు కప్పింది. "ఎండ దెబ్బ తగుల్తది బిడ్డా." ఆ కొంగు కింద కూర్చుని, తలుపు తీసి రోడ్డు మీద పడి రాజన్న జనంలో కలిసిపోతే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. నిజంగానే చెయ్యి హ్యాండిల్ మీద పెట్టాను. కారు కదిలింది.

సిరిసిల్లలో ముందు ఆవిడ తమ్ముడింటికి పోయాం. వాడ మొత్తం సాంచెల చప్పుడు, కరెంటు మగ్గాల్ని అక్కడ సాంచెలంటారు. ఆ తమ్ముడి ఇంట్లో మాత్రం ముందరి గదిలో ఒక చేతి మగ్గం మిగిలి ఉంది. దాని మీద తెల్ల చీర, సన్నని జరీ అంచు. మా పెళ్ళికూతుళ్ళు తెల్ల చీరే కడతారు. నాకు చెప్పకుండా నేయిస్తున్నారు.

ఆయన నన్ను మగ్గం పక్కన నిలబెట్టి కింది నుంచి పైదాకా చూసి, "పొడుగు పిల్ల. జానెడు ఎక్కువ నేస్త. రేపు ప్రకటన అయినంక మగ్గం మీంచి కోస్త" అన్నాడు. సగం నేసిన చీర మగ్గం మీద బిగదీసి ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. కారు నడిపే దోస్తు నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

"అరె, నిజం చెప్పు. నీకీ పెండ్లి ఇష్టం లేదా?"

లేదని తలూపాను. ఆ ఒక్క తల ఊపుడుకు కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి.

"యా అల్లా! మరి పొద్దటి సంది నోట్ల బెల్లం గడ్డ పెట్టుకున్నవా? పో, చెప్పు."

"ఎవరికి చెప్పనే?"

"ఎవరికి నొప్పి తగుల్తదో వాళ్ళకు."

ఇంతలో నర్సు పిలిచింది, చీకటి పడకముందే మిగిలిన నాలుగు మజిలీలూ కావాలని. గుడికి పోయాం. దోస్తు ఎప్పటిలాగే చివరి బెంచీలో కూర్చుంది. పద్నాలుగో పటం, యేసును సమాధిలో పెట్టేది. నర్సు జపం చెప్పి బలిపీఠం వైపు పోయింది. ఆవిడ లేవలేదు. నా పక్కనే మోకాళ్ళ మీద ఉండి, పైకే దేవుడితో మాట్లాడుతోంది. "తండ్రీ, నా ఇంట్ల మళ్ళ దీపం పెట్టెటందుకు మనిషినిచ్చినవ్..."

ఇంక వినలేకపోయాను.

"అమ్మా" అన్నాను. పొద్దుటి నుంచి ఆవిడను పిలిచింది అదే మొదటిసారి. "రేపు చదవనియ్యకుండ్రి. నాకు ఈ పెండ్లి వద్దు. మీ కొడుకు మంచోడే. మీరూ మంచోళ్ళే. నాకే వద్దు. సరే అన్న, కాని నాకు భయమైతున్నది. ఊపిరాడ్తలేదు."

ఆవిడ నా వైపు తిరగలేదు. పటాన్నే చూస్తోంది. "చీర మగ్గం మీదున్నది" అంది. కొంగు సర్దుకుని, "రెండుసార్లు చదివిండ్రు. నలుగురిల మొఖం ఎట్ల సూపెట్టాలె?" అంది. నా భుజం పట్టుకోకుండా, గోడ పట్టుకుని లేచింది.

చెప్పేస్తే బయటపడతానని అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని! చెప్పాక మళ్ళీ అదే కారులో, అదే వెనక సీట్లో, అదే గంప పక్కన కోరుట్ల దాకా కూర్చోవాలి కదా. ఆవిడ ఆ కిటికీ వైపు, నేను ఈ కిటికీ వైపు. పద్నాలుగోది అయిపోయింది, ఇంటి ముచ్చట్లు మాట్లాడవచ్చు. సంగతి తెలియని నర్సు కాసేపు ఏదో వాగి, తనే ఊరుకుంది.

చందుర్తి దాటాక పొద్దు గుంకింది. దోస్తు రోజా విడవడానికి కారు పక్కకు ఆపింది. డాష్‌బోర్డులోంచి ఖర్జూరాలు తీసింది. అప్పుడు ఆవిడ గంప తెరిచి, బత్తాయి ఒలిచి, గింజలు ఏరి, "పొద్దటి సంది మంచినీళ్ళు తాగలే, తిను బిడ్డా" అని దోస్తు చేతిలో పెట్టింది. నర్సుకు రెండు తొనలు ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. దోస్తు తన చేతిలోవి నాకివ్వబోతే నేను తీసుకోలేదు.

కోరుట్లలో ఆవిడ దిగింది. కారు తలుపు గట్టిగా వేసింది. ఇంటి సందు వైపు తిరగకుండా తిన్నగా గుడి గేటు వైపు నడిచింది, ఫాదర్ ఉండే బంగ్లాలో లైటు వెలుగుతోంది. ఏం చెప్పబోతోందో నాకు తెలియదు. నన్ను తిట్టిపోస్తుందో, పిల్ల ఏదో వాగింది మీరు చదవండి అంటుందో. ఆపి అడిగే ధైర్యం లేదు. జగిత్యాలలో మా ఫాదర్ దగ్గరికి నేను పోవచ్చు. పోలేదు. ఆవిడకు చెప్పడానికే నాలో ఉన్నదంతా ఖర్చయిపోయింది.

ఆదివారం పూజలో నేను పాటలవాళ్ళలో నిలబడలేదు, తలుపు దగ్గర నిలబడ్డాను. పూజ చివర ఫాదర్ కాయితం తీశారు. రాయికల్ వాళ్ళదెవరిదో మొదటి ప్రకటన చదివారు. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం ఊరేగింపు సంగతి చెప్పారు. కాయితం మడిచారు. నా పేరు రాలేదు. బెంచీల్లో తలలు తిరిగాయి, ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఫాదర్ నన్ను పక్కకు పిలిచారు. "రాత్రి కోరుట్ల ఫాదర్ ఫోన్ చేసిండ్రు. అడ్డు ఉన్నదని ఆ అబ్బాయి తల్లే వచ్చి చెప్పిందట."

"ఏం అడ్డని చెప్పింది ఫాదర్?"

"పిల్ల భయపడ్తున్నది, అన్నదట. భయానికి చదువుడు ఆపుతరా అని ఆ ఫాదర్ అడిగితే, 'నా పెండ్లికి సిరిసిల్ల గుళ్ళె మూడుసార్లు చదివిండ్రు, మూడుసార్లూ ఎవరన్న వచ్చి ఆపుతరేమో అని తలుపు దిక్కు సూసిన' అన్నదట."

నేను గుడి మెట్ల మీద కూర్చుండిపోయాను. విషయం విని నర్సు నా మీద మండిపడి వెళ్ళిపోయింది. దోస్తు కారేసుకుని వచ్చి పక్కన కూర్చుంది. "ఇగ ఏడ్సుడెందుకే? నీకు కావాల్సిందే అయింది గదా" అంది.

అయింది. నా గది నాకుంది, డాబా ఉంది, సాయంత్రం చాయ్ ఉంది. కానీ అదే పొద్దున కోరుట్ల గుడిలోనూ ఫాదర్ కాయితం మడిచి ఉంటారు. అక్కడా తలలు తిరిగి ఉంటాయి. నా వైపు తిరగాల్సినవన్నీ ఆవిడ వైపు తిరిగి ఉంటాయి. ముందు బెంచీలో, ఇస్త్రీ చీర కట్టుకుని, పక్కన ఆనుకోవడానికి భుజం లేకుండా కూర్చుని ఉంటుంది.