మొదటి మాటలోనే చివరి ధర

2005 చలికాలం. కాశీబుగ్గలో హైవే పక్కన ఒక గది, గాజు తలుపు, రెండు కుర్చీలు, గోడకి నాలుగు కార్ల బొమ్మలు. పలాస జీడిపప్పు వ్యాపారుల దగ్గర డబ్బుందని విని విశాఖపట్నం డీలరొకరు తెరిచిన కౌంటరు అది. అక్కడ సేల్స్ ఎగ్జిక్యూటివ్‌నీ, గుమాస్తానీ, సాయంత్రం తాళం వేసేవాణ్ణీ నేనే. కొన్ని రోజులు లారీల చప్పుడు తప్ప మరో మాట వినపడేది కాదు. గది పైన ఇంకో గది అద్దెకి తీసుకుని ఉండేవాణ్ణి. రెండు పూటలా మెస్సు నుంచి క్యారియర్ వచ్చేది. నాకు పెళ్ళి కాలేదు. కారణాలు ఇక్కడ అవసరం లేదు.

మా తాతగారికి టెక్కలిలో కారు ఉండేది. ఆ చుట్టుపక్కల మరెవరికీ లేని రోజుల్లో మాట. తరువాత భూముల్లో కొన్ని కోర్టుల్లో పోయాయి, మిగిలినవి ఎన్నికల్లో పోయాయి. నా వంతుకి ఇంటిపేరు వచ్చింది. ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటకూడదన్న అలవాటు వచ్చింది. ఎవరి జాలి కోసమూ ఇది చెప్పడం లేదు. జరిగినదానికి దీనితో పని ఉంది.

కారు ధర ఎలా ఏర్పడుతుందో చాలామందికి తెలియదు. కంపెనీ ప్రకటించేది ఎక్స్-షోరూమ్ ధర. దానికి పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలిపితే ఆన్-రోడ్ ధర, అంటే కారు రోడ్డెక్కడానికి అయ్యే మొత్తం. కంపెనీకి డీలరు కట్టేదానికీ, మన దగ్గర తీసుకునేదానికీ మధ్య తేడా డీలర్ మార్జిన్. అందులోంచి కొంత తగ్గించే అధికారం సేల్స్ మనిషి చేతికి ఇస్తారు. తెలివైనవాడు దాన్ని చెంచాతో వడ్డిస్తాడు. ముందు సీటు కవర్లు, తరువాత ఐదు వేలు, కొనేవాడు లేచి నిలబడ్డాక ఇంకో పది వేలు. నాకు ఆ పద్ధతి నచ్చేది కాదు. బేరమాడడం మా ఇంట్లో నామోషీ. నా చేతిలో ఉన్నదంతా తగ్గించి మొదటి మాటలోనే చివరి ధర చెప్పేవాణ్ణి. అది ఎదుటివాడికి నేనిచ్చే గౌరవమని నమ్మాను.

ఆ డిసెంబరులో మేం అమ్మే కంపెనీ ఒక స్పోర్ట్స్ సెడాన్ తెచ్చింది. చూడడానికి నాలుగు తలుపుల మామూలు కారే. ఎత్తు తక్కువ, టైర్లు వెడల్పు, స్ప్రింగులు గట్టివి, ఇంజనుకి మాత్రం మిగతావాటికన్నా రెట్టింపు బలం. మేనేజరు డెమో కారును, అంటే కొనేవాళ్ళు నడిపి చూడడానికి ఉంచే కారును, పది రోజుల కోసం నా దగ్గరికి పంపాడు. ఫోన్‌లో ఒక మాట కూడా చెప్పాడు: "మార్చి లోపల ఈ మోడల్ అక్కడ ఒక్కటైనా అమ్మండి. లేకపోతే కౌంటరు మూసేస్తాం."

నాలుగో రోజున కూర్మారావు వచ్చాడు. వజ్రపుకొత్తూరు వైపు మనిషి, కాశీబుగ్గలో రెండు జీడి ఫ్యాక్టరీలున్నాయి. అరవైకి దగ్గర, పొట్టి, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. వెంట బావమరిది లింగరాజు. నేను లేచి తలుపు తీసేసరికి కూర్మారావు గడప దగ్గరే ఆగిపోయాడు.

"తమరు టెక్కలి బాబుగారి మనవలు కదా? నాను అప్పన్న కొడుకుని బాబూ. మా నాన్న తమ తాతగారి కారు కడిగీవోడు."

నాకు అప్పన్న గుర్తున్నాడు. ఆ మాట అనకుండా, "రండి కూర్మారావుగారూ, కూర్చోండి" అన్నాను. నేను కూర్చునేదాకా అతను కూర్చోలేదు. కొనేవాడు కూర్చునేదాకా నేను కూర్చోకూడదు. కాసేపు ఇద్దరం నిలబడే ఉన్నాం.

"కుర్సీలో ముళ్ళున్నాయేటి బావా?" అని లింగరాజు ముందు కూర్చున్నాడు.

కూర్మారావు ముందు బానెట్ తెరిపించాడు. తరువాత డిక్కీలో కార్పెట్ ఎత్తించి, స్టెప్నీ బయటికి తీయించి, దాని కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"కారు కొనడానికొచ్చావా, పిక్కలు కొయ్యడానికొచ్చావా?" అన్నాడు లింగరాజు.

"పైబస్తా అందరూ సూస్తారు. అడుగుబస్తా సూసినోడిదే ఏపారం."

జీడిపిక్కలు కొనేవాళ్ళు అలాగే చేస్తారు. లారీలో అడుగున ఉన్న బస్తాలోంచి గుప్పెడు తీసి, ఒక్కొక్కటీ కోసి, లోపలి పప్పు చూస్తారు. మనిషి సరుకు తెలిసినవాడని నాకు అర్థమైంది.

టెస్ట్ డ్రైవ్‌కి బయలుదేరాం. అతను స్టీరింగ్ దగ్గర, నేను పక్కన, లింగరాజు వెనక. సీటు బాగా ముందుకి జరుపుకుని, ఇంజను స్టార్ట్ చేయకముందే హారన్ నొక్కాడు. ఒక్కసారే, పొడుగ్గా. ఎదురుగా ఎవరూ లేరు. ఎందుకని నేను అడగలేదు.

హైవే నాలుగు వరుసలు చేసే పని అప్పటికి కొన్ని చోట్లే పూర్తయింది. కొత్త రోడ్డు వచ్చేదాకా నెమ్మదిగా పోనిచ్చి, అక్కడ మూడో గేరులో నొక్కమన్నాను. ఈ ఇంజనుకి టర్బో ఉంటుంది. బయటికి పోయే పొగ వేగంతోనే ఒక చిన్న చక్రం తిరిగి లోపలికి మరింత గాలిని తోస్తుంది. ఆ చక్రం అందుకోవడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణం కారు మన మాట విననట్టే ఉంటుంది. తరువాత వీపు సీటుకి అతుక్కుపోతుంది.

"ఓలమ్మ! తన్నినాది బాబూ!"

"బావా, నాకు పిల్లలున్నారు!" అన్నాడు వెనకనుంచి లింగరాజు.

"ఉంటే గట్టిగా పట్టుకో. పిల్లలకి తండ్రి గావాల కదా."

మలుపుల్లో కారు పక్కకి ఒరగడాన్ని బాడీ రోల్ అంటారు. ఇందులో అది దాదాపు లేదని చెప్పబోతున్నాను. కూర్మారావు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"డాట్రు నా క్రియాటినిన్ నాలుగు దాటినాదన్నాడు."

రక్తంలో ఆ అంకె పెరుగుతుంటే కిడ్నీలు పోతున్నట్టు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఈ ఉద్దానం పల్లెల్లో చదువు రానివాళ్ళకి కూడా తెలిసిన ఇంగ్లీషు మాట అది.

"డయాలిసిస్సంటే విశాపట్నమే గతి. ఆ మంచం ఎక్కీలోపు రొండు మూడేళ్ళు నా సేతుల్తో నాను నడుపుకోవాల. నెమ్మదిగా ఎల్లీ బండ్లు సాలా ఉన్నాయి. నాకు బేగి ఎల్లీది గావాల."

టెక్కలి దగ్గర కారు వేగం దానంతటదే తగ్గినట్టు తగ్గింది. మా తాతగారి కారు షెడ్డు ఇప్పుడు సిమెంటు గోడౌన్. దాని ముందు నడక వేగంలో పోనిచ్చాడు.

"ఇక్కడే బాబూ. ఎనిమిదేళ్ళోణ్ణి. మా నాన్న కారు తుడుస్తంటే సెయ్యి పెట్టి హారన్ నొక్కీసినాను. తాత బాబు అరుగు మీదే ఉన్నారు. ఆరేటీ అన్లేదు. మా నాన్నే నన్ను కొట్టినాడు, తాత బాబు సూస్తండగా."

ఆ అరుగు నాకు తెలుసు. తాతగారి పక్కన నేను కూర్చున్న అరుగు. ఏదైనా అనవలసింది. మా ఇంట్లో అలాంటి సమయంలో ఏమనాలో ఎవరూ నేర్పలేదు. "కోటబొమ్మాళి దగ్గర తిప్పేద్దాం" అన్నాను.

కౌంటరుకి తిరిగి వచ్చాక టీ తెప్పించాను. కూర్మారావు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, కుర్చీ ముందుకి లాక్కున్నాడు. మనిషిలో హుషారు కనిపించింది.

"సెప్పండి బాబూ. ఎంత?"

బోర్డు మీద ఆన్-రోడ్ ధర పద్నాలుగు లక్షల అరవై వేలు. నాకు అధికారం ఉన్నది డెబ్భై వేల దాకా. అప్పన్న కొడుకు దగ్గర ఒక్క రూపాయి కూడా దాచుకోకూడదనుకున్నాను.

"పదమూడు లక్షల తొంభై వేలు. నా చేతిలో ఉన్నదంతా తగ్గించే చెప్పాను."

"అది సరే. పదమూడు ముప్పై సేసుకుందాం."

"కుదరదండీ."

"పదమూడు యాభై."

"చెప్పిన ధరేనండీ."

అతని ముఖంలో హుషారు పోయింది. లింగరాజు టీ గ్లాసు కింద పెట్టాడు. కూర్మారావు గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టుగా అన్నాడు:

"ఒక్క వెయ్యి దిగండి బాబూ. ఒక్కటంటే ఒక్కటి. మిగతాదంతా నానే ఎక్కుతాను."

ఆ వెయ్యి నా జేబులోంచి పెట్టుకోగలను. ఆ రోజు జేబులో అంతకన్నా ఎక్కువే ఉంది. కాని ఒకసారి దిగితే ముందు చెప్పింది అబద్ధమవుతుంది.

"నాది ఒకటే మాట" అన్నాను.

అతను లేచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"తమకి ఇట్టం లేదు. అప్పన్న కొడుకు ఈ కారులో కూకోడం తమకి ఇట్టం లేదు. అలగని ముందే సెప్పీస్తే సరిపోయీది."

కాదని ఒక్క మాట అనడానికి నా దగ్గర సమయం ఉంది. గాజు తలుపు దాకా ఆరడుగులు. నేను అన్నది, "మీ ఇష్టమండీ."

వారం తరువాత లింగరాజు టీ బడ్డీ దగ్గర కనిపించి విడమరిచి చెప్పాడు.

"మా పిక్కల బజారులో ఎవుడైనా రేటు సెప్పి కదల్లేదంటే, సరుకు నీకియ్యను ఎల్లిపో అని అర్తం బాబూ. మొగం మీద కాదనకండ అలగ సెప్తారు. ఇట్టమున్నోడు పైన సెప్పి కిందికొస్తాడు. బావ ఆ రోజు రేత్రి బువ్వ తిన్లేదు."

"నేను చెప్పింది కంపెనీలో ఎవరూ ఇవ్వని ధర."

"అవొచ్చు. ఎవుళికి తెలుసు?"

ఆ సాయంత్రం అతని ఫ్యాక్టరీ నంబరు కాగితం మీద రాసుకుని ఫోన్ ముందు కూర్చున్నాను. కొనమని అడగడానికి చేసినట్టుంటుందని చేయలేదు. నెలాఖరుకి విశాఖపట్నం నుంచి డెలివరీ జాబితా ఫ్యాక్స్‌లో వచ్చింది. మా పెద్ద షోరూమ్‌లోనే కూర్మారావు అదే కారు తీసుకున్నాడు. పద్నాలుగు లక్షల పదిహేను వేలకి. నేను చెప్పినదానికన్నా పాతిక వేలు ఎక్కువ. మార్చిలో నా కౌంటరు మూశారు. గోడ మీది బొమ్మలు చుట్టి, తాళంచెవి ఇంటి యజమానికి ఇచ్చి రైలెక్కాను. స్టేషన్‌కి ఎవరూ రాలేదు. నేను ఎవరికీ చెప్పలేదు.

విశాఖపట్నంలో నన్ను పాత కార్లు కొనే విభాగంలో వేశారు. 2009లో ఒక మధ్యాహ్నం ఆ స్పోర్ట్స్ సెడాన్ యార్డులోకి వచ్చింది. నడుపుతున్నది డ్రైవరు. వెనక సీట్లోంచి కూర్మారావు దిగాడు. సగమైపోయాడు. ఎడమ ముంజేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది. డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు.

"వారానికి రొండు పాల్లు ఇక్కడ ఆస్పత్రికి వొస్తన్నాను బాబూ. ఈ సెయ్యి గేరు మీద పెట్టలేకపోతన్నాను. తమరిక్కడున్నారని తెలిసినాది. అందుకే ఇక్కడికే తెచ్చినాను."

కారు చూశాను. డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి, కింద చెయ్యి పెట్టి తడిమాను. అతను చూస్తూ ఉన్నాడు. ఆ కారుకి నేనివ్వగలిగిన గరిష్ఠ ధర ఆరు లక్షల ఇరవై వేలు. లోపలికి వచ్చి కూర్చున్నాం. ఈసారి ఎవరు ముందన్నది ఇద్దరం చూసుకోలేదు.

"సెప్పండి."

"ఐదు నలభై" అన్నాను. జీవితంలో మొదటిసారి నోటికి వచ్చిన అబద్ధపు ధర అది. చెవులు వేడెక్కాయి.

కూర్మారావు తలెత్తాడు. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఏటి బాబూ, ఇనప సామాన్ల కొట్టేటి ఇది? ఏడు లచ్చలు."

"ఏడుకి కొత్త కారే వస్తుందండీ. ఐదు అరవై."

"ఆ ఇంజను శబ్దం ఇన్నారా తమరు? పసిపిల్ల లాగుంటాది. ఆరు ఎనభై."

అరగంట పట్టింది. నేను ఒకసారి కాగితం మడిచి లేవబోయాను. అతను ఒకసారి డ్రైవర్ని కేకేశాడు. ఎప్పుడు లేవాలో, ఎంత ఎక్కాలో నాకు చేతకాక రెండుసార్లు తడబడితే, "అక్కడ పదేలు కాదు, ఐదేలే ఎక్కాల" అని అతనే సరిచేశాడు. చివరికి ఆరు ఇరవై దగ్గర చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"అప్పుడు ఎంతకి కొన్నానో తెలుసునా బాబూ? నలభై ఐదేలు దింపించినాను."

"అలాగా" అన్నాను. "చాలా దింపారే."

"మరేటి!" అని నవ్వాడు. పాతిక వేల మాట నేను ఎత్తలేదు.

వెళ్ళేముందు ఒకసారి స్టీరింగ్ దగ్గర కూర్చుంటానన్నాడు. కూర్చుని, సీటు ముందుకి జరుపుకుని, హారన్ నొక్కాడు. పొడుగ్గా. యార్డులో వాచ్‌మన్ తిరిగి చూశాడు. తరువాత ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. మళ్ళీ నేనతన్ని చూడలేదు.

ఆఖరి ధర ముందే చెప్పడం నిజాయితీ అని మా ఇంట్లో అనుకునేవారు, నేనూ అనుకున్నాను. అది ఎదుటివాడికి మాట్లాడడానికి చోటు మిగల్చకపోవడం కూడా అని నాకు నేర్పినవాడు కూర్మారావు. అప్పటినుంచి ఎవరొచ్చినా కొంత చోటు వదిలే ధర చెబుతున్నాను. ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ సాయంత్రం కారును షెడ్డులోకి నేనే తీసుకెళ్ళాను. సీటు అతను జరుపుకున్నట్టే బాగా ముందుకి ఉంది. నేను పొడుగు మనిషిని, మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. సీటు వెనక్కి జరపకుండా, అలాగే ముడుచుకుని నడిపాను.