తలుపు చెక్క మీద ఎర్ర గీత

సిరోంచలో బర్కత్ అలీ సైకిల్ దుకాణం తలుపు చెక్క మీద ఒక ఎర్ర గీత ఉండేది. సైకిళ్లకు వేసే రంగుతోనే గీశాడు. పోలీసు భర్తీలో ఆడపిల్లకు ఉండవలసిన ఎత్తు అది. దానికి అంటుకుని సన్నటి పెన్సిలు గీతలు, లెక్కలేనన్ని. అవన్నీ ఒకే మనిషివి. దుకాణం వెనక వాడలో ఉండే శోభారాణివి.

చిన్నప్పుడు ఆమె పొలానికి సద్ది మోసేది. ప్రాణహిత ఒడ్డున, ఇసుకలో, గిన్నె నెత్తిన పెట్టుకుని పరుగు. ఆమె వెళ్లిపోయాక ఒడ్డు మీద మిగిలినవి మనిషి అడుగుల్లా ఉండేవి కావు. ఏదో పిట్ట వాలి, నచ్చక లేచిపోయినట్టు ఉండేవి. ఒకరోజు బర్కత్ అలీ బాగుచేసిన సైకిల్‌ను తొక్కి చూస్తూ ఆమె వెనక పడ్డాడు. అందుకోలేకపోయాడు.

"ఆగవే బిడ్డా! జింకకు పుట్టినవా, రాజుబాయికి పుట్టినవా?"

ఆ రోజు నుంచి ఆమె ముందు, ఆయన సైకిల్ వెనక. పొద్దున్నే నది దారిన పదిహేను కిలోమీటర్లు. ఆయన చేతిలో గడియారం, ఆమె ఒంట్లో గాలి.

ఊరు మాత్రం ఆమె కాళ్లను చూడలేదు. తలను చూసింది.

"మూరెడు లేదు, పోలీసైతదట," అనేది నాట్లలో యాదక్క. "తుపాకి దీనికన్న పొడుగుంటది. ఎవ్వలు ఎవ్వల్ని మోస్తరో!"

మడిలో అందరూ నవ్వేవారు. ఆమె తల్లి రాజుబాయి కూడా నవ్వేది.

2005లో ఆమె మొదటిసారి భర్తీకి వెళ్లింది. పొద్దంతా బస్సులో గుంతల మీద ఎగిరిపడి, గడ్చిరోలిలో దిగి, నేరుగా కొలతకు నిలబడింది. అర సెంటీమీటరు తక్కువన్నారు. పరుగు దాకా రానివ్వలేదు. తిరిగొచ్చి నిద్రపోయి, మర్నాడు పొద్దున దుకాణంలో నిలబడితే తల సరిగ్గా ఎర్ర గీతను తాకింది.

బర్కత్ అలీకి నిద్ర పట్టలేదు. రోజుకు రెండుసార్లు కొలవడం మొదలుపెట్టాడు. లేచి రాగానే ఒకసారి, పరిగెత్తి వచ్చాక ఒకసారి. పొద్దుటి తల గీతను తాకేది. పరుగు తర్వాతి తలకూ గీతకూ నడుమ ఎప్పుడూ వడ్లగింజ పట్టేంత సందు. నెలల తరబడి అంతే.

"దారి మనిషిని తింటది బిడ్డా," అన్నాడు చివరికి. "పండుకుంటె మళ్ల ఇచ్చేస్తది. ఈసారి రెండు దినాలు ముందుగాల్నే పో. ఎల్లెలుకల పండుకో. లేశినంక సక్కగ పోయి నిలబడు. కొలత దినం మాత్రం ఉరకకు. అడుగు గూడ ఉరకకు."

మరుసటి ఏడు వానల్లో మళ్లీ భర్తీ పడింది. ఆ ఏటితో ఆమె వయసు దాటిపోతుంది. మళ్లీ అవకాశం లేదు. పక్కింటి త్రివేణి కూడా బయలుదేరింది. నాలుగేళ్లు చిన్నది, పొడుగు పిల్ల. పరుగులో ఎప్పుడూ శోభ వెనకే.

బయలుదేరవలసిన రోజు రాజుబాయి సంచి లాక్కుంది.

"నాట్లెవ్వలు ఎయ్యాలె? మీ సైకిల్ చాచా ఏస్తడా? ఒక్కదినం ఒంగుతె ఇరిగిపోతవా?"

శోభ ఒంగింది. పొద్దు గుంకేదాకా ఒంగే ఉంది. అలా ఒక రోజు బురదలో పోయింది. మర్నాడు ఇద్దరూ బయలుదేరి, వానకు బస్సు అహేరి దాటకపోవడంతో రాత్రి అక్కడే ఆగి, తెల్లవారుజాము బస్సెక్కారు. కొలత ఆ రోజే. సాయంత్రం ఐదింటికి గేటు మూస్తారు.

ఆష్టిలో బస్సు ఆగిపోయింది. అడవిలోవాళ్లు బంద్ చెప్పారట. ముందు రోడ్డంతా చెట్లు నరికి పడేశారట. డ్రైవరు ఇంజను ఆపి బీడీ ముట్టించాడు.

"ఇగ రేపే," అన్నాడు. "చెట్లు తీసినంకనే."

"గడ్చిరోలి ఎంతదూరం?" అడిగింది శోభ.

"అరవై కిలోమీటర్లు. ఏం, ఎగిరిపోతవా?"

త్రివేణి ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, చాచా ఏమన్నడు? కొలత దినం ఉరకద్దన్నడు గద."

"గేటు మూసినంక పొడుగుండి ఏం జేస్తనే?"

"నాతోని గాదు. నేను ఈడనే ఉంట."

శోభ చీర కొంగు బిగించి దిగింది. పొద్దు ఏడు కూడా కాలేదు.

కూలిన టేకు చెట్ల మీదుగా దూకింది. తడిసిన ఆకుల వాసన మోకాళ్ల దాకా లేచింది. వాన ఆమెతో పాటు కొంతదూరం వచ్చి, అలిసి, పొలాల్లోకి మళ్లిపోయింది. ఎంత దూరం పోతే అంత దగ్గరవుతున్నానని ఆమెకు తెలుసు. ఎంత దగ్గరైతే అంత కురచవుతున్నానని కూడా తెలుసు. ఎవరో నడినెత్తి మీద అరచెయ్యి ఆనించి, తొందర లేకుండా నొక్కుతున్నట్టుంది. చామోర్షిలో అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. ఊరు దాటాక ఒక కల్వర్టు గట్టు మీద పది నిమిషాలు వెల్లకిలా పడుకుంది. దారి తిన్నదాంట్లో కొంచెమైనా తిరిగి ఇస్తుందేమోనని. ఆకాశం మాత్రం పొడుగ్గా ఉంది. లేచి మళ్లీ పరిగెత్తింది. చెప్పులు ఎక్కడ తెగాయో గుర్తులేదు.

ఐదుకు పది నిమిషాలుండగా గేటు దాటింది.

కొలత చెక్క తల మీదికి దిగింది. మడమలు పైకి లేపిందేమోనని సిపాయి లాఠీతో పాదం మీద తట్టాడు. అక్కడ తోలు లేదు. ఆమె కదల్లేదు.

"అర సెంటీమీటరు తక్కువ," అన్నాడతను మరాఠీలో.

"ఆష్టి నుంచి పరిగెత్తి వచ్చాను," అంది ఆమె, అదే భాషలో.

అతను పక్కవాడి వైపు తిరిగి నవ్వాడు. "పరుగు రేపు కదా. ఈమె ఇవాళే ముగించింది."

ఆమె గేటు బయట కూర్చుంది. కాసేపటికి ఒకతను వచ్చి గోడకు కాగితం అంటించాడు. బంద్ వల్ల రాలేకపోయినవారికి మర్నాడు కొలత తీస్తారని ఉంది. ఆమె చదివి, లేచి, కుంటుకుంటూ లోపలికి వెళ్లింది.

"నాకూ రేపు కొలవండి సార్. పడుకుని లేస్తే సరిపోతాను."

"అది రాలేనివాళ్లకు," అన్నాడు సిపాయి. "నువ్వొచ్చావు కదా. రాకపోయి ఉంటే కొలిచేవాళ్లం."

మర్నాడు మధ్యాహ్నం త్రివేణి వచ్చింది. ఆష్టిలో బస్సు వెనక సీటు మీద ఒళ్లు చాపుకుని హాయిగా నిద్రపోయిందట. కొలతలో నెగ్గింది. పరుగులోనూ నెగ్గింది. బయట త్రివేణి చెప్పులు పట్టుకుని నిలబడింది శోభ.

"నువ్వు ముందల ఉన్నవనుకొని ఉరికిన అక్కా," అంది త్రివేణి రొప్పుతూ. "గందుకే గెలిశిన."

శోభ చెప్పులు కింద పెట్టింది.

సిరోంచ చేరి, ఇంట్లో ఒక రాత్రి పడుకున్నాక, పొద్దున్నే బర్కత్ అలీ పిలిచాడు. తలుపు చెక్కకు ఆనుకుని నిలబడమన్నాడు. తల మీద పెన్సిలు ఆనించి గీసి, ఆ గీతను అరచేత్తో కప్పేశాడు.

"చెయ్యి తియ్యి చాచా."

తీయలేదు. ఆమే ఆయన చేతిని పక్కకు జరిపింది. కొత్త గీత ఎర్ర గీతకు పైన ఉంది. ఒక దారమంత.

"మంచిగున్నది," అంది. "ఇయ్యాల పోలీసైన."

వాడ చివర నుంచి రాజుబాయి కేకేసింది. "ఉరుకుడు ఒడిసిందా? ఇంక రెండు మళ్లున్నయ్, రా!"

శోభ నడిచి వెళ్లింది.