పిల్లికూన కడుపులో ఏముంది

మా ఇంటికి పిల్లి లారీలో వచ్చింది. మావారికి ఆటోనగర్‌లో లారీల విడిభాగాల దుకాణం ఉంది. ఒకరోజు పొద్దున దుకాణం ముందు ఆగిన లారీ బానెట్ ఎత్తేసరికి, ఇంజను పక్కన ఒళ్ళంతా గ్రీజు పూసుకుని ఒక పిల్లికూన ముడుచుకుని కూర్చుని ఉందట. అది ఏ ఊళ్ళో ఎక్కిందో డ్రైవరుకే తెలియదు. మధ్యాహ్నం దాకా తల్లి కోసం అరిచి అరిచి, చివరికి మావారి ఒళ్ళో నిద్రపోయింది. సాయంత్రం ఆయన దాన్ని బేరింగుల అట్టపెట్టెలో పెట్టుకుని భవానీపురం తీసుకొచ్చేశారు.

మాది మూడో అంతస్తులో ఫ్లాటు. ఉండేది ముగ్గురం, మావారు, నేను, మా అత్తగారు. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. అత్తగారిది మంగళగిరిలో మగ్గాల ఇల్లు. డెబ్బై దాటినా ఆవిడ చేతులు ఊరుకోవు. హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ చీర కొంగులకు రంగురంగుల పట్టుదారాలతో కుచ్చులు కడుతూ ఉంటారు.

పెట్టె తెరిచి చూసి ఆవిడ ముఖం చిట్లించారు.

“ఇంట్లో పిల్లేంట్రా? కాళ్ళకి అడ్డం పడుద్ది.”

“రెండ్రోజులేలే అమ్మా. ఎవరికైనా ఇచ్చేద్దాం,” అన్నారు మావారు.

ఇచ్చేద్దామని ఎవరినీ అడగలేదు. గ్రీజు వదిలాక అది లేత బూడిదరంగులో తేలింది. బాల్కనీకి వల కట్టించాం. గడప దాటకుండా, సోఫా కిందా మంచం కిందా తిరుగుతూ పెరగసాగింది. ముగ్గురం దాన్ని ‘బుజ్జిది’ అనే అనేవాళ్ళం.

మొదటి నెల బాగానే గడిచింది. తర్వాత దానికి విరేచనాలు మొదలయ్యాయి. ఒకరోజు పలచగా, ఒకరోజు నీళ్ళలా. మళ్ళీ ఒక పూట బాగున్నట్టే ఉండేది. ఆటలు మానలేదు, తిండి మానలేదు. కానీ ఒళ్ళు పట్టడం లేదు. ఎత్తుకుంటే వెన్నెముక చేతికి తగిలేది. నేను పొద్దున కాలేజీకి బయల్దేరే ముందు దాని ఇసుక ట్రే శుభ్రం చేసేదాన్ని. ట్రే దగ్గరికి వెళ్ళేముందు ఒక్క క్షణం ఆగేదాన్ని. కంపుకు కాదు, ఇవాళ ఎలా ఉంటుందో అన్న భయానికి. క్లాసులో పిల్లలకు లెక్క ఇచ్చి, వాళ్ళు చేస్తున్నంత సేపూ నేను దాని తిండి గురించే ఆలోచిస్తూ నిలబడేదాన్ని.

తప్పు తిండిలోనే ఉందనుకున్నాను. ఒక ప్యాకెట్ పడలేదని ఇంకోటి తెచ్చాను. నాలుగు రోజులు చూసి అదీ మార్చాను. ఫోన్లో ఎవరో చెప్పారని కోడిమాంసం ఉడకబెట్టి పెట్టాను. ఎవరో వద్దన్నారని ఆపేశాను. విరేచనాలు మాత్రం ఆగలేదు.

చివరికి బందరు రోడ్డు వైపు ఒక పశువుల డాక్టరమ్మ ఉన్నారంటే అక్కడికి తీసుకెళ్ళాను. చిన్న వయసే. పిల్లి పొట్ట మెల్లగా నొక్కి చూసి అడిగారు.

“బయట తిరుగుతుందాండీ?”

“గడప దాటదండీ. అదే నాకు అర్థం కావట్లేదు. బయటి తిండి లేదు, బయటి మురికి లేదు.”

“గడప దాటకపోయినా నట్టలు, అంటే కడుపులో పురుగులు, ఉండొచ్చండీ. తల్లిపాలలోంచి కూడా వస్తాయి. రేపు కొంచెం మలం పట్టుకురండి, పరీక్ష చేద్దాం.”

మర్నాడు చిన్న డబ్బాలో అది పెట్టి, డబ్బాను మూడు కవర్లలో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్నావిడ బ్యాగు ఒళ్ళో పెట్టుకోనా అని అడిగితే గట్టిగా పట్టుకుని వద్దన్నాను. పరీక్షలో నట్టల గుడ్లు కనిపించాయి. నట్టల మందు వేశారు. రెండు వారాలకు మళ్ళీ ఒకసారి వేయాలన్నారు. జబ్బేమిటో తెలిసిపోయిందని ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నానో! ఐదు రోజులు బాగుంది. ఆరో రోజు మళ్ళీ మొదలైంది.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ వేరే ప్రశ్న వేశారు.

“ఏం తింటుందండీ?”

నేను పెట్టేవన్నీ చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

“మీరు పెట్టేది కాదండీ. ఇంట్లో అందరూ పెట్టేది కావాలి. ఒక కాయితం మీద రాయండి. ఒక్క ముక్కయినా సరే.”

ఫ్రిజ్ తలుపు మీద కాయితం అంటించాను. రెండు రోజులు గడిచినా దాని మీద నా రాత తప్ప ఇంకొకరిది లేదు. మావారిని అడిగితే “నేనేం పెడతాను?” అన్నారు. అత్తగారు తలెత్తకుండా కుచ్చు కడుతూ “దాని జోలికే నేను పోనమ్మా,” అన్నారు.

ఆ వారంలోనే ఒకరోజు పెద్ద వాన పడి కాలేజీ ఒంటిపూటకే వదిలేశారు. తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి, వంటింట్లో అత్తగారు కింద కూర్చుని ఉన్నారు. ఎదురుగా స్టీలు పళ్ళెంలో మీగడ తేలే పాలు. బుజ్జిది తోక నిటారుగా పెట్టి తాగుతోంది.

నన్ను చూసి ఆవిడ తత్తరపడ్డారు. చేత్తో పళ్ళెం వెనక్కి జరపబోయి ఊరుకున్నారు.

“రోజూ పోస్తున్నారా అత్తయ్యగారూ?”

“తల్లి లేని పిల్లమ్మా అది.” ఆవిడ దాని వీపు నిమిరారు. “నేను పుట్టిన నెలకే మా అమ్మ పోయింది. వెనకింటాళ్ళ గేదెపాలు పోసి మా నాయనమ్మ నన్ను బతికించింది. పాలు లేకపోతే నేనేడుండేదాన్ని?”

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. కోపం ఎటు పోయిందో పోయింది. ఆవిడ పక్కనే కింద కూర్చుని డాక్టరమ్మకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాను. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు.

“మామ్మగారూ, మీరు ప్రేమగానే పోశారు. కానీ తల్లిపాలు మానిన పిల్లులు చాలావాటికి గేదెపాలు అరగవండీ. కడుపులో పులిసి విరేచనాలవుతాయి. మంచినీళ్ళు పెట్టండి చాలు.”

అత్తగారు పళ్ళెం తీసుకుని లేచి, మిగిలిన పాలు సింకులో పోసేశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు కూడా ఒప్పుకున్నారు. రోజూ కంచంలో కోడికూర ముక్కలు, మసాలాతోనే, బల్ల కిందికి అందిస్తున్నారట. ఇక నా వంతు. ఫ్రిజ్ మీది కాయితం తీసి, అంతకు ముందువీ కలిపి లెక్కేస్తే ఒక్క నెలలో నేను మార్చిన తిండి నాలుగు రకాలు. మార్చాలంటే వారం పది రోజులు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ మార్చాలని, ఉన్నట్టుండి మారిస్తే దాని పేగు తట్టుకోలేదని డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. ముగ్గురం ముద్దు చేసే దాని కడుపు పాడుచేశాం.

ఆ రోజు నుంచి ఒకే తిండి, వేళకు కొలిచి పెట్టడం. వారం తిరిగేసరికి విరేచనం గట్టిపడటం మొదలైంది. నట్టల మందు రెండో మోతాదూ పడింది. ఇక గండం గడిచిందనుకున్నాం.

ఒక ఆదివారం పొద్దున బుజ్జిది రెండుసార్లు వాంతి చేసుకుంది. తిండి వాసన చూసి ముఖం తిప్పుకుంది. సోఫా వెనక మూలకు పోయి పడుకుంది. నాకు ఒక్కసారిగా ఓపిక చచ్చిపోయింది. ఆలోచించకుండా అనేశాను.

“అత్తయ్యగారూ, మళ్ళీ పాలు పోశారా?”

ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

“లేదమ్మా. నీ మీదొట్టు,” అన్నారు. లేచి వెళ్ళి, సోఫా వెనక నేల మీద చతికిలబడి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి కేక పెట్టారు.

“ఒరేయ్, ఇట్రా! ఇది కాలితో నోరు గీక్కుంటంది చూడు. నోట్లో ఏదో ఉంది.”

మావారు దాన్ని పట్టుకుని నోరు తెరిచారు. నాలుక కింద ఆకుపచ్చ దారం. నాలుక మొదట్లో చుట్టుకుని, మిగతాది గొంతులోకి పోయింది. చీరకుచ్చుల దారం. ఆయన రెండు వేళ్ళతో దాన్ని పట్టుకున్నారు.

అత్తగారు ఆయన మణికట్టు మీద ఫట్‌మని కొట్టారు.

“లాగమాకురా! లోపల ఎక్కడ చిక్కుపడిందో ఏమో. చిక్కు చూడకుండా లాగితే బిగుసుకుపోద్ది. పద, డాక్టర్ దగ్గరికి పద!”

ఆవిడ ఇంట్లో కట్టుకున్న చీరతోనే ఆటో ఎక్కేశారు. ఫ్లైఓవర్ మీద వెళ్తుంటే పక్కన కృష్ణ నిండుగా పారుతున్నా ముగ్గురిలో ఒక్కరం కూడా అటు చూడలేదు. అత్తగారు బుట్ట మూత మీద చెయ్యి వేసి, “వచ్చేశాం, వచ్చేశాం” అని దానితో చెబుతూనే ఉన్నారు.

డాక్టరమ్మ నోరు చూడగానే అడిగిన మొదటి మాట, “ఎవరూ లాగలేదు కదండీ?”

“లాగనియ్యలేదమ్మా,” అన్నారు అత్తగారు.

“పిల్లిని కాపాడారు మామ్మగారూ. లాగి ఉంటే పేగు కోసుకుపోయేది.”

స్కానింగ్ చేశారు. పేగు ఇంకా ముడతలు పడలేదట. మత్తిచ్చి నాలుక దగ్గర చుట్టుకున్న దారం కత్తిరించారు. సెలైన్ పెట్టి, మర్నాటి దాకా ఆసుపత్రిలోనే ఉంచమన్నారు. మిగతా దారం తనంతట తాను కిందికి జారితే సరే, లేకపోతే ఆపరేషన్ చేయాలి.

బయట బల్ల మీద కూర్చున్నాం. మావారు మందుల కోసం వెళ్ళారు. అత్తగారు తన చేతివేళ్ళనే చూసుకుంటున్నారు.

“నా దారమేగా,” అన్నారు. “కిందపడ్డ ముక్కలు ఎప్పటికప్పుడు ఏరతానే ఉన్నా. ఒకటి తప్పిపోయింది.”

“నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది అత్తయ్యగారూ. తప్పయిపోయింది. మీరు చూడబట్టే దొరికింది.”

ఆవిడ నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు. మావారు వచ్చేదాకా అలాగే ఉంచుకున్నారు.

మర్నాడు రెండో పీరియడ్ అయ్యాక స్టాఫ్‌రూములో ఉండగా ఫోన్ మోగింది.

“దారం బయటికొచ్చేసిందండీ,” అన్నారు డాక్టరమ్మ. “తిండి కూడా తింటోంది.”

నాకు ఏడుపొచ్చేసింది. ఎదుటి కుర్చీలో ఉన్న ఫిజిక్స్ మేడమ్ ఏం జరిగిందోనని లేచి నా దగ్గరికి వచ్చారు. ఏడుస్తూనే నవ్వి, “మా పిల్లికి విరేచనమైంది” అన్నాను. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టారు.

సాయంత్రం ముగ్గురం వెళ్ళాం. అత్తగారు మొదట దారం చూపించమన్నారు. డాక్టరమ్మ కడిగి ఒక గాజుగిన్నెలో పెట్టి ఉంచారు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, వంగి రెండు కొసలూ చూశారు.

“ఈ కొసన ముడుంది. ఇది నేనేసిన ముడే. ఆ కొస మీరు కత్తిరించింది. మధ్యలో తెగలేదు.” తలెత్తి మా ఇద్దరినీ చూశారు. “మొత్తం వచ్చేసిందమ్మా.”

ఇంకోసారి చేసిన స్కానింగూ అదే చెప్పింది. లోపల ఏమీ లేదు.

ఇంటికి వచ్చాక అత్తగారు దారాలన్నిటినీ మూత బిగుసుకునే స్టీలు డబ్బాలోకి మార్చారు. కుచ్చులు కట్టడం తన గదిలోకి మార్చుకుని, తలుపు వేసుకుని కూర్చునేవారు. పని అయ్యాక నేల మీద అరచేత్తో తడిమి చూసి గాని బయటికి వచ్చేవారు కాదు. రెండో వారానికల్లా ఇసుక ట్రేలో గట్టిగా, చక్కగా కనిపించింది. ఆయన్ని పిలిచాను. ఆయన వాళ్ళమ్మను పిలిచారు. పేపరు, కాఫీ వదిలేసి వచ్చి ముగ్గురం ట్రే చుట్టూ నిలబడి తృప్తిగా చూసుకున్నాం.

నెల తర్వాత టీకా వేయించడానికి తీసుకెళితే బరువు తూచారు. బాగా పెరిగింది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, “ఇక టీకాలకి తప్ప నా దగ్గరికి రాకండి,” అని నవ్వారు.

తిరుగు దారిలో ఒక బండి మీద పునుగులు వేగుతున్న వాసన వచ్చింది. అత్తగారు ఆటో ఆపమన్నారు.

“ఇన్నాళ్ళబట్టీ నోటికి ఏదీ సయించలేదురా. ఇయ్యాల ఆకలేస్తంది,” అన్నారు.

మావారు వేడివేడిగా పొట్లాలు కట్టించుకొచ్చారు. ఆటో పక్కకు పెట్టించి అందులోనే కూర్చుని తిన్నాం. డ్రైవరుకూ ఒక పొట్లం ఇచ్చాం. బుజ్జిది బుట్టలోంచి ఒకసారి అరిచి, అటు తిరిగి పడుకుంది. అల్లం చట్నీ ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూ అత్తగారు ఇంకో పొట్లం తెమ్మన్నారు.