చెమ్మ గోడ

“గోడకి రంగేయిస్తానన్నాగా!”

“మా వాడి ఊపిరితిత్తులక్కూడా వేయిస్తారా బాబాయిగారూ?”

ఇంటి యజమానిని అలా కడిగేస్తున్నది కింది వాటాలో ఉండే దర్జీ అక్క. పైన ఆయన స్నానాలగది గొట్టం కారుతుంటే, కింద ఆమె గోడ నల్లగా బూజు పడుతోంది. రోజూ పొద్దున్నే మంచం పక్కకు లాగి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆ బూజును కసిగా తుడుస్తుంది. సాయంత్రానికి చెమ్మ మళ్లీ పాకుతుంది. రాత్రంతా కొడుకు ఛాతీలో పిల్లికూతలు.

“ఇంట్లో తడిబట్టలు ఆరేస్తే బూజు పట్టదా మరి?” అంటూ, గొట్టం ఊసెత్తకుండా ఆయన మెట్లెక్కిపోయాడు.

ఆమె పక్క వాటా గుమ్మంలో ఉన్న నావైపు తిరిగింది.

“తమ్ముడూ, మా ముక్కులు ఈ బూజు కంపుకు ఎప్పుడో అలవాటు పడిపోయాయి. లోపలికొచ్చి, వాడి దిండు ఒక్కసారి వాసన చూసి నిజం చెప్పవా?”