సంచుల జోస్యుడు

విమానాశ్రయం బయటి ద్వారం పక్కన, ఊళ్ళోకి దారి చెప్పే కౌంటరులో పదిహేనేళ్ళుగా కూర్చుంటున్న ఆ మనిషిని టాక్సీవాళ్ళు సంచుల జోస్యుడంటారు. వచ్చినవాళ్ళు నోరు తెరవకముందే ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముందుకు వంగి వాళ్ళ సామాను చూస్తాడు. చక్రాల పెట్టె కొత్తదైతే టాక్సీ, పాతదైతే రైలు, తాడు కట్టిన సంచి అయితే బస్సు. టాక్సీకి డబ్బుందా అని అడిగి మనుషుల్ని చిన్నబుచ్చడం ఎందుకని ఆయన ఉద్దేశం. అది మర్యాదే అనుకునేవాడు.

పోయిన సోమవారం జిప్పు ఊడిన సంచీ చంకన పెట్టుకుని ఒక పెద్దావిడ వచ్చి, పెద్దాసుపత్రికి ఎలా వెళ్ళాలని అడిగింది. "బస్సెక్కండమ్మా, గేటు ముందే దింపుతాడు," అని, స్టాపు దాకా తనే నడిపించి, సీటు చూపించి మరీ వచ్చాడు. ఆ పూట టీ కూడా ఆయనకు కాస్త రుచిగా అనిపించింది. శుక్రవారం ఆవిడ తిరుగు ప్రయాణానికి వచ్చి కౌంటరు ముందు ఆగింది. "బస్సు ఊరంతా తిప్పి రెండు గంటలకు గాని దింపలేదు నాయనా. నేను వెళ్ళేసరికి మా తమ్ముడు పోయి పావుగంట అయిందట." "టాక్సీ అయితే ముప్పావుగంటేనమ్మా," అనేసి ఆయన నాలిక కరుచుకున్నాడు. "డబ్బుంది నా దగ్గర. తొందరా అని ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదా," అని, అదే సంచీ చంకన సర్దుకుని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. ఇకమీదట ఎవరినైనా ముందు అడగాలనుకుంటూ ఆయన చాలాసేపు తల వంచుకునే కూర్చున్నాడు. ఇంతలో ఎవరో "ఏమండీ," అన్నారు. ఆయన తల ఎత్తేలోపే చెయ్యి కళ్ళజోడును నుదుటి మీదికి తోసింది, చూపు వెళ్ళి సంచి మీద వాలింది.